డిస్కు లేని కంప్యూటరు

హార్డ్ డిస్కు పోయిందని ల్యాబుల్లో మూలన పడేసిన కంప్యూటర్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ప్రాసెసరు, ర్యామ్, నెట్‌వర్క్ కార్డు బాగుంటే చాలు, లైనక్స్ కేబుల్ మీదుగా వచ్చేస్తుంది.

ఇది పాత విద్యే. 1980ల్లోనే సన్ మైక్రోసిస్టమ్స్ డిస్కు లేని వర్క్‌స్టేషన్లు అమ్మింది. ఇప్పటి పీసీల్లో ఉండే, నెట్‌వర్క్ నుంచి బూటయ్యే పీఎక్స్ఈ పద్ధతిని 1990ల చివర్లో ఇంటెల్ తెచ్చింది. పవర్ నొక్కగానే కార్డులోని చిన్న ప్రోగ్రాము తన అడ్రసేమిటో, లోడ్ చేసుకోవాల్సిన ఫైలేమిటో నెట్‌వర్క్‌నంతా అడుగుతుంది. డీహెచ్‌సీపీ సర్వరు జవాబిస్తుంది. ఫైలు టీఎఫ్‌టీపీ ద్వారా వస్తుంది.

సర్వరు మీద, ప్యాకెట్లను చూపే టీసీపీడంప్ పెట్టుకుని ఆ సంభాషణ చూడటం నాకు భలే ఇష్టం. అలా వచ్చిన బూట్‌లోడరు పీఎక్స్ఈలైనక్స్ అయితే, తన కాన్ఫిగ్ ఫైలును మ్యాక్ అడ్రసు పేరుతో వెతుకుతుంది. దొరక్కపోతే తన ఐపీని హెక్స్‌లో రాసి అడుగుతుంది. 192.168.1.25 అయితే సి0ఎ80119. అదీ లేకపోతే చివరి అంకె కొట్టేసి సి0ఎ8011, మళ్లీ ఒకటి కొట్టేసి సి0ఎ801, అలా తగ్గించుకుంటూ చివరికి ‘డిఫాల్ట్’ దగ్గర ఆగుతుంది. ఒక్క మిషనుకు వేరే కెర్నల్ ఇవ్వాలన్నా, గది మొత్తానికి ఒకటే ఇవ్వాలన్నా ఫైలుకు పెట్టే పేరుతోనే పని అయిపోతుంది. ఎంత పొందికైన ఏర్పాటో!

టీఎఫ్‌టీపీ మామూలుగా 512 బైట్ల ముక్క పంపి, అందిందన్న కబురు వచ్చేదాకా రెండో ముక్క పంపదు. అందుకే కెర్నల్ ఎంత చిన్నదైతే అంత మేలు. నా దృష్టిలో అసలు పనితనం ఇక్కడే ఉంది. డిస్ట్రోలతో వచ్చే కెర్నల్‌లో డ్రైవర్లు చాలావరకు మాడ్యూళ్లు. మాడ్యూలేమో రూట్ ఫైల్‌సిస్టమ్‌లో ఉంటుంది, రూట్ నెట్‌వర్క్ అవతల ఉంటుంది, నెట్‌వర్క్ లేవాలంటే ఆ మాడ్యూలే కావాలి. తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకున్నట్టు. ఈ ముడి విప్పడానికే డిస్ట్రోలు, ఆ మాడ్యూళ్లున్న చిన్న తాత్కాలిక ఫైల్‌సిస్టమ్ ఇనిట్‌ర్యామ్ఎఫ్ఎస్‌ను వెంట పంపుతాయి. నేను ఎల్ఎస్‌పీసీఐ కమాండుతో నెట్‌వర్క్ కార్డు చిప్పు చూసుకుని, ఆ కార్డు డ్రైవరును, రూట్‌ను సర్వరు నుంచి అందుకునే ఎన్ఎఫ్ఎస్ క్లయింటును, బూట్‌లోనే ఐపీ తెచ్చుకునే కోడ్‌ను కెర్నల్‌లోనే కలిపేస్తాను. సాటా, బ్లూటూత్, వైఫై అన్నీ తీసేస్తాను. ఇక ఇనిట్‌ర్యామ్ఎఫ్ఎస్‌తో పనే లేదు. నెట్‌వర్క్ డివైసులేవీ లేవని కెర్నల్ ప్యానిక్ అయితే ఏం మర్చిపోయామో వెంటనే తెలుస్తుంది. మిషనుకు నిజంగా ఏం కావాలో ఇంత శుభ్రంగా నేర్పే పని ఇంకొకటి నాకు కనబడలేదు. సిస్టమ్స్ చదివే పిల్లల చేత ఒక్కసారైనా చేయించాలి.

స్విచ్ సంగతి మాత్రం మరవకూడదు. దాంట్లో లూపులను అడ్డుకునే స్పానింగ్ ట్రీ నడుస్తుంటే, పోర్టు తెరుచుకోవడానికి 30 సెకన్లు పట్టొచ్చు. ఈలోగా పీఎక్స్ఈ విసిగి వదిలేస్తుంది. క్లయింట్ల పోర్టులను ఎడ్జ్ పోర్టులుగా పెట్టాలి.

రూట్‌ను రీడ్-ఓన్లీగా ఇచ్చి, రాతలన్నీ ర్యామ్‌లోకి మళ్లిస్తే పిల్లలు ఏం చెరిపినా రీస్టార్ట్‌తో సర్దుకుంటుంది. బరువంతా సర్వరు మీదే పడుతుంది కాబట్టి యూపీఎస్, మిర్రర్ చేసిన రెండు డిస్కులు దానికే పెడతాను.