తీగను కిందికి లాగిన ఆల్బర్ట్ కింగ్

బ్లూస్ గిటారిస్టు ఆల్బర్ట్ కింగ్ (1923–1992) వాయించే తీరులో తీగ మీటడం సగం పనే. మీటిన తీగను మెట్టు మీదే అడ్డంగా లాగి, స్వరాన్ని పైకి ఎక్కించడంలోనే ఆయన ప్రతిభంతా ఉంది. బెండింగ్ అనే ఈ పద్ధతి బ్లూస్ గిటారిస్టులందరికీ తెలిసిందే. దాన్ని తమ సంగీతానికి ఆయువుపట్టుగా చేసుకున్నవాళ్లలో మాత్రం ఆయనకు సాటి రాగలిగినవాళ్లు చాలా తక్కువ.

అసలు పేరు ఆల్బర్ట్ నెల్సన్. అమెరికాలోని మిసిసిపీలో పుట్టి, ఆర్కన్సాలో పత్తి చేల మధ్య పెరిగారు. బుల్డోజర్ నడిపారు, కొంతకాలం బ్లూస్ గాయకుడు జిమ్మీ రీడ్ పక్కన డ్రమ్స్ వాయించారు. గిటార్ సొంతంగా నేర్చుకున్నదే. ఆయనది ఎడమచేతివాటం, దొరికేవేమో కుడిచేతివాటం గిటార్లు. దాంతో గిటార్‌ను తిరగేసి పట్టుకున్నారు, తీగల వరస మాత్రం మార్చలేదు. అలా లావు తీగలు కిందికి, సన్నవి పైకి వచ్చాయి.

ఆ శైలికి మూలం ఇక్కడే ఉంది. మామూలుగా గిటారిస్టులు సన్న తీగను వేళ్లతో పైకి తోస్తారు. ఆల్బర్ట్ కింగ్ దాన్ని కిందికి, తన అరచేతివైపు లాగేవారు. తోయడం కన్నా లాగడంలో చేతికి పట్టు ఎక్కువ. పైగా తీగలను మామూలు శ్రుతి కంటే బాగా తగ్గించి, వదులుగా ఉంచుకునేవారు. అందుకే ఒకే మెట్టు మీద నుంచి, షడ్జానికీ అంతర గాంధారానికీ మధ్య ఉన్నంత దూరం కూడా స్వరాన్ని సాగదీయగలిగారు. సాధారణ గాంధారం దాటి, అంతర గాంధారం అందుకోకుండా మధ్యలో ఆగే స్వరం బ్లూస్‌కు ప్రాణం. పియానో మెట్ల మధ్య దొరకని ఆ చోటు, లాగిన తీగ మీద దొరుకుతుంది. వీణ మీద తీగను పక్కకు లాగి గమకం పలికించడం విన్న తెలుగువారి చెవికి ఈ పని కొత్తగా అనిపించదు. అయితే వీణ మీద ఆ కదలికను రాగలక్షణం నిర్ణయిస్తుంది. బ్లూస్‌లో దానికి ఒరవడి పాడేవాడి గొంతే.

తీగ మీటే ప్లెక్ట్రమ్ ముక్కను ఆయన వాడలేదు, బొటనవేలితోనే మీటేవారు. కొన్నిసార్లు తీగను ముందే లాగి ఉంచి, అప్పుడు మీటి, నెమ్మదిగా వదిలేవారు. స్వరం పైనుంచి కిందికి జారుతూ వినిపిస్తుంది. పన్నెండు బార్ల బ్లూస్‌లో గాయకుడు ఒక పాదం పాడి ఆగితే, మిగిలిన ఖాళీలో గిటార్ బదులు చెప్పాలి. గొంతూ గిటారూ రెండూ తనవే కనుక, ఆ బదులు ఎంత ఆలస్యంగా రావాలో ఆయనకు కచ్చితంగా తెలుసు. అందులో డ్రమ్మర్‌గా పనిచేసిన అనుభవం వినిపిస్తుంది.

ఆయన చేతిలో ఎప్పుడూ కనిపించే గిబ్సన్ ఫ్లయింగ్ వీ గిటార్ 1958లో మార్కెట్‌లోకి వచ్చింది, పెద్దగా అమ్ముడుపోలేదు. రెండు వైపులా ఒకేలా ఉండే దాని ఆకారం వల్ల, తిరగేసి పట్టుకున్నా చివరి మెట్ల దాకా చెయ్యి సులువుగా వెళుతుంది.

1966లో మెంఫిస్‌లోని స్టాక్స్ రికార్డింగ్ సంస్థలో చేరాక ఆయన సంగీతం పూర్తిగా వికసించింది. బుకర్ టి అండ్ ది ఎంజీస్ బృందం వెనక ఉండగా చేసిన పాటలతో 1967లో ‘బార్న్ అండర్ ఎ బ్యాడ్ సైన్’ ఆల్బమ్ వచ్చింది. ఆ బృందం బిగువైన లయ మీద ఆయన స్వరాలు విడివిడిగా, స్పష్టంగా నిలబడతాయి. ఎలక్ట్రిక్ బ్లూస్‌లో ఇంతకన్నా పొదుపైన ఆల్బమ్ దొరకడం కష్టం.

ఆయన వాయించినవన్నీ గుప్పెడు పదబంధాలేనని ఒక విమర్శ ఉంది. పదబంధాలు కొన్నే అన్న మాట నిజమే. కానీ శ్రద్ధగా వింటే, అదే పదబంధం ప్రతిసారీ వేరే ఎత్తుకు చేరుతుంది, వేరే క్షణంలో మొదలవుతుంది. ఆ సూక్ష్మమైన తేడాలను విమర్శ లెక్కలోకి తీసుకోలేదు.

క్రీమ్ బృందం పాట ‘స్ట్రేంజ్ బ్రూ’లో ఎరిక్ క్లాప్టన్ వాయించిన సోలో నేరుగా ఆయన ఒరవడిలోదే. గిటారిస్టు స్టీవీ రే వాన్ ఆయనను గురువుగా భావించారు. 1983లో కెనడాలోని హామిల్టన్‌లో ఒక టీవీ స్టూడియోలో ఇద్దరూ కలిసి వాయించారు. ఆ కచేరీ ‘ఇన్ సెషన్’ పేరుతో 1999లో ఆల్బమ్‌గా విడుదలైంది. వాన్ కుడిచేతివాటం మనిషి, తీగను పైకి తోసేవారు. తోయడానికీ లాగడానికీ మధ్య ఉన్న తేడాను పక్కపక్కనే వినాలంటే ఈ రికార్డింగే సరైనది.