ఎదురుగా నిలబడి అనాల్సిన మాట

ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో విద్యార్థి రాజకీయాల భాష మెత్తగా ఉంటుందని ఎవరూ అనరు. ఒకరికి ఎదుటివాడు ఫాసిస్టు, ఆ ఎదుటివాడికి వీళ్లు దేశద్రోహులు. ఎర్రజెండా పట్టిన రెండు సంఘాలు ఒకదాన్నొకటి దులుపుకునే తీరు ఇంకా ఘాటు. అయినా అక్కడి ఎన్నికల్ని గమనించిన కొద్దీ నాకు గౌరవమే పెరిగింది. మాట అన్నవాడు జవాబు చెప్పక తప్పని ఏర్పాటు ఒకటి అక్కడి విద్యార్థులు తరాల తరబడి ఓపిగ్గా చేసుకున్నారు. దాని పనితనం దగ్గరగా చూడదగ్గది.

ముందు పర్చా. కరపత్రాన్ని అక్కడ అలాగే పిలుస్తారు. రాత్రి భోజనాల వేళ హాస్టల్ మెస్ బల్లల మీదికి వస్తుంది. ఒక కాగితం, రెండు వైపులా కిక్కిరిసిన అక్షరాలు. పైన సంఘం పేరు, కింద ఆరోపణ మొత్తం కుక్కిన పొడవాటి శీర్షిక. విషయం తరచూ ఏ పాలస్తీనాతోనో మొదలై, పార్లమెంటు మీదుగా నడిచి, ఆగిపోయిన ఫెలోషిప్పులు, చాలని హాస్టల్ గదుల దగ్గరికి చేరుతుంది. ప్రత్యర్థి సంఘం నిరుడేమంది, ఈ ఏడాది ఏం చేసింది అని పక్కపక్కన పెట్టి చూపించడంలోనే రాసినవాడి చెయ్యి తిరిగిన సంగతి తెలుస్తుంది. చివర నినాదం. దాని కింద సంఘం అధ్యక్షుడి పేరు, కార్యదర్శి పేరు, తేదీ.

నా కన్ను ఎప్పుడూ ఆగేది ఆ అడుగు వరస మీదే. ఎంత పరుషంగా రాసినా కింద పేరుంటుంది. ఆ పేరుగల మనిషి ఏ హాస్టల్లో ఉంటాడో అందరికీ తెలుసు. పొద్దున్నే టిఫినుకి అదే మెస్సుకి వస్తాడు, పర్చాలో తిట్లు తిన్నవాడు పక్క బల్ల దగ్గరే ఉంటాడు. జవాబు కూడా పర్చాగానే వస్తుంది. అవతలివాళ్ల వాక్యాన్ని ఎత్తి చూపించి మరీ ఖండిస్తుంది. కాబట్టి నచ్చని రాతను కూడా చివరిదాకా చదవాల్సిందే.

ఇలా రాసింది పట్టుకుని, ఎవరి గురించి రాశారో వాళ్ల ఎదుటే చదవడమన్నది 1977 సెప్టెంబరులో అందరికీ తెలిసేలా జరిగింది. ఎమర్జెన్సీ ముగిసి, ఎన్నికల్లో ఓడిపోయిన తర్వాత కూడా ఇందిరాగాంధీ ఆ విశ్వవిద్యాలయానికి ఛాన్సలర్‌గా కొనసాగారు. విద్యార్థులు ఊరేగింపుగా ఆమె ఇంటికి వెళ్లారు. ఆమె బయటికి వచ్చి నిలబడ్డారు. విద్యార్థి సంఘం అధ్యక్షుడు, మన తెలుగువాడు సీతారాం ఏచూరి, రాజీనామా కోరుతూ రాసుకొచ్చిన కాగితం ఆమె పక్కనే నిలబడి చదివారు. ఆ ఫొటో చాలామంది చూసే ఉంటారు. కళ్లు కాగితం మీదున్న కుర్రవాడు, పక్కన వింటున్న మాజీ ప్రధాని. తర్వాత ఆమె ఆ పదవి వదులుకున్నారు. చదివిన ధైర్యాన్ని అందరూ మెచ్చుకున్నారు. నిలబడి విన్న ఆమెకీ ఆ మెప్పులో వాటా ఉందని నా నమ్మకం.

ఇక అధ్యక్ష అభ్యర్థుల చర్చ. పోలింగుకి ముందు, రాత్రి పొద్దుపోయేదాకా, సంప్రదాయంగా జీలం లాన్స్‌లో జరుగుతుంది. జెండాలు, డఫ్లీల మోత, ఒక మూల నుంచి ‘లాల్ సలాం’, ఇంకో మూల నుంచి ‘వందేమాతరం’, మరో మూల నుంచి ‘జై భీమ్’. ఇంత హోరులోనూ అభ్యర్థులందరూ ఒకే వేదిక మీద కూర్చోవాలి. పెద్ద సంఘమైనా, వెనక పదిమంది లేని స్వతంత్ర అభ్యర్థి అయినా మైకు దగ్గర ఇచ్చే సమయం ఒకటే. 2015లో కన్హయ్య కుమార్ గెలుపులో ఆ రాత్రి ప్రసంగానికి పెద్ద వాటా ఉందని అప్పట్లో అందరూ చెప్పుకున్నారు. ఆయన తరఫున నిలబడ్డ వామపక్ష విద్యార్థి సంఘం ఏఐఎస్ఎఫ్ అక్కడ అంతకుముందు పెద్ద బలమున్న సంఘం కాదు.

ప్రసంగాల కంటే నాకు నచ్చేది తర్వాత వచ్చే ప్రశ్నల ఘట్టం. అభ్యర్థులు ఒకరినొకరు అడుగుతారు. ప్రసంగంలో ఎంత రెచ్చగొట్టినా చెల్లిపోతుంది, చప్పట్లు కూడా వస్తాయి. ప్రశ్నలో అది కుదరదు. ప్రశ్న పొట్టిగా ఉండాలి, తేదీతో, సంఘటనతో ఉండాలి, అవతలివాడు పక్కకి జారిపోయే సందు ఉండకూడదు. అలాంటి ప్రశ్న తయారు కావాలంటే ఎదుటి సంఘం పర్చాలు ఏడాది పొడుగునా చదివి దాచుకుని ఉండాలి. ద్వేషించడానికైనా ముందు తెలుసుకోక తప్పదు. జవాబు చెప్పేవాడి పరీక్ష ఇంకా గట్టిది. సూటిగా చెప్పకుండా చరిత్ర అందుకుంటే లాన్ మొత్తం గోల చేస్తుంది. తన జెండా కింద కూర్చున్నవాళ్లు ఎలాగూ తన వాళ్లే. అతను ఒప్పించాల్సింది ఎటూ తేల్చుకోకుండా వెనక నిలబడ్డ ఎంఏ మొదటి ఏడాది పిల్లల్ని.

ఇదంతా నడిపేది విద్యార్థుల ఎన్నికల కమిటీయే. అధ్యాపకుల చేతిలో పని కాదు. ఓటు కాగితం మీద వేస్తారు, లెక్కింపులో అన్ని పక్షాల ఏజెంట్లూ కూర్చుంటారు. 2000లో ఏబీవీపీ అభ్యర్థి సందీప్ మహాపాత్ర ఒకే ఒక్క ఓటు తేడాతో అధ్యక్షుడయ్యారు. వామపక్షాల కోట అని పేరున్న చోట ఒక్క ఓటుతో ఫలితం తేలి నిలబడిందంటే లెక్కించిన కుర్రాళ్ల చేతుల మీద రెండు వైపులా ఎంత నమ్మకం ఉండాలి!

ఈ ఏర్పాటు అన్నివేళలా కాపాడలేదు. 2020 జనవరి 5న ముసుగులు కట్టుకున్న గుంపు కర్రలతో హాస్టళ్లలో చొరబడి విద్యార్థుల్నీ అధ్యాపకుల్నీ కొట్టింది. అప్పటి విద్యార్థి సంఘం అధ్యక్షురాలు ఐషీ ఘోష్ తల పగిలింది. పర్చా అడుగున పేరు రాసుకునే చోట ముఖం దాచుకున్నవాళ్లు దిగడం ఆ క్యాంపస్‌కి తగిలిన గట్టి దెబ్బ. ఆ తర్వాత కోవిడ్ రావడంతో 2019 తర్వాత మళ్లీ ఎన్నికలు 2024 మార్చిలోనే జరిగాయి. నాలుగేళ్ల విరామం తర్వాత కూడా ఆ చర్చ రాత్రి జనం లాన్ నిండా కూర్చున్నారు.

మన దగ్గర హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇప్పటికీ విద్యార్థి సంఘం ఎన్నికలున్నాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో, కాలేజీల్లో మాత్రం 1980ల చివర్లో హింస పేరు చెప్పి ఆపేశారు. సంఘాలు పోలేదు, పార్టీలూ పోలేదు, తిట్టుకోవడమూ తగ్గలేదు. ఎదురుగా కూర్చోబెట్టి అడిగే వేదిక ఒక్కటే పోయింది. ఎన్నికలు మళ్లీ పెట్టాలన్న మాట వచ్చినప్పుడల్లా ఎన్ని తలలు పగులుతాయన్న లెక్క దగ్గరే చర్చ ఆగిపోతోంది. పెట్టేటట్టయితే ఎన్నికల కమిటీ విద్యార్థుల చేతిలో ఉండాలి, కరపత్రం కింద పేరుండాలి, పోలింగుకి ముందు రాత్రి ప్రశ్నల ఘట్టం ఉండాలి. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు దానికి కావలసినంత చోటుంది.