ఇసుకపెట్టెలో కురిసిన వాన

యంత్రము ద్వారా ప్రకృతిని పరిచయము చేయవలెనను యత్నము నేటి ప్రదర్శనశాలలయందు విరివిగా సాగుచున్నది. తెరపై పులి గర్జించును. మీట నొక్కిన పక్షి కూయును. వీనిలో పెక్కింటియందు చూపరి చేయవలసినది మీట నొక్కుటయే. కాని యొక యిసుకపెట్టె మాత్రము మమ్ము చాలసేపు నిలువబెట్టినది.

అమెరికాలో, డేవిస్ నగరమందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున, ఆలివర్ క్రైలోస్ మొదలగువారు 2012 ప్రాంతమున దీనిని రూపొందించిరి. ఆటలకొరకు అమ్మబడిన కినెక్టు కెమేరా పైనుండి యిసుక యెత్తుపల్లములను కొలుచును. కంప్యూటరు వానిని లెక్కించి, ప్రొజెక్టరు ద్వారా ఆ యిసుకపైననే రంగులను, సమోన్నత రేఖలను పరచును. పల్లము నీలముగను, మిట్ట గోధుమవన్నెగను కనబడును. ఇసుకను కదలించిన కొలది రంగులు మారును. అరచేయి చాచి పైన నిలిపినచో దాని క్రింద వాన కురిసి, వాలును బట్టి పారును. ఆ నీరు వట్టి వెలుగే. అయినను ప్రవాహశాస్త్ర సమీకరణముల ననుసరించియే పారును. దీని నిర్మాణవిధానమును, ప్రోగ్రామును ఉచితముగా నొసగుటచే పెక్కు దేశములలో బడులవారును, ప్రదర్శనశాలలవారును ఇట్టి పెట్టెలను తామే కూర్చుకొనిరి.

దీని గుణమేమనగా, చేయి యిసుకను విడువదు. పటమున చూచిన బాలునకు సమోన్నత రేఖ వట్టి గీత. తన చేతితో గుట్ట పోసిన బాలునకు అది యెత్తు. యంత్రము తలపైన దాగి, చూపును ఇసుకపైననే నిలుపును. ఈ వినయమును మేము మెచ్చుకొంటిమి.

ఇక దోషము. ఈ నీటికి మురికి లేదు. దీనికొరకు కాచుకొన్న దిగువ రైతు లేడు. కోరినప్పుడు కురియును, కోరినప్పుడు ఇంకును. నగరపు మురుగు చేరిన బెంగుళూరి బెల్లందూరు చెరువు 2017 ఫిబ్రవరిలో మంటలతో పొగలు గ్రక్కిన సంగతి మన పాఠకులు మరువలేదు. నీరు మన అరచేతి వశమను భ్రమ పిల్లలకు కలుగునేమో యని మా శంక. కావున ఇసుకపెట్టెను చూపినవారు, ఆ వారములోనే పిల్లలను ఊరి చెరువునకు గూడ కొనిపోవలెను. అది మురికిదైనచో మురికినే చూపవలెను.

మరియొక మాట. ఈ పెట్టెకు నోరు లేదు. రంగులే దాని భాష. తెలుగునాటికి వెలుపల తరతరములుగా కాపురమున్న మన యిండ్లలో వంటింటి మాటలు నిలిచినవిగాని, పొలము మాటలు జారిపోవుచున్నవి. కట్ట, తూము, అలుగు, వాగు: వీనిని పలుకుటకు ఈ మూగపెట్టె చక్కని చోటు. పిల్లవాడు ఇసుకకట్ట తెంచి, నీరు దూకుటను చూచి, 'ఇదేమి తాతా?' యని యడిగినప్పుడు 'గండి పడినదిరా' యని చెప్పు పెద్ద యొకడు ప్రక్కన నుండవలెను. మరునాడు చెరువుగట్టున ఆ మాటను పిల్లవాడే పలికినచో పెట్టె తన పని నెరవేర్చినట్లే.