మద్దిచెట్టు దగ్గరే మొదలు

రెక్కల పురుగు కనబడగానే ఫొటో తీసి పేరు తెలుసుకోవడం ఇప్పుడు తేలికే. కానీ శలభాన్ని గుర్తుపట్టడమంటే దాని బతుకంతా తెలుసుకోవడమేనని నా నమ్మకం. ఆ పాఠం చెప్పడానికి దసలి పట్టు శలభాన్ని మించిన గురువు మన అడవుల్లో లేదు. శాస్త్రీయ నామం ఆంథెరియా మైలిట్టా. మహదేవ్‌పూర్, చెన్నూరు ప్రాంతాల్లో ఆదివాసీ రైతులు దీన్ని అడవిచెట్ల మీదే పెంచుతారు.

రెక్కలు విప్పితే అరచేతిని కప్పేంత ఉంటుంది. ఒక్కో రెక్క మీద ఒక్కో గుండ్రని కన్ను, దాని నడుమ వెలుతురు దూరే పల్చటి పొర. అట్లాస్ శలభానికైతే ఆ పొర ముక్కోణంగా ఉంటుంది. చంద్రశలభానికి లేతాకుపచ్చ రెక్కలు, పొడవాటి తోకలు. దసలిలో మగది ఎక్కువగా ఇటుక రంగు, మీసాలు ఈకల్లా వెడల్పు. ఆడది పెద్దది, పసుపో బూడిదో రంగు, మీసాలు సన్నం.

అయితే రెక్కలున్న రోజులు కొద్దే. పెద్ద శలభానికి తినే నోరు లేదు. వారం, పది రోజుల్లో జత కలిసి, గుడ్లు పెట్టి రాలిపోతుంది. మిగతా జీవితమంతా మద్దిచెట్టు మీదే. గుడ్డు పెట్టిన ఎనిమిది, పది రోజులకు పురుగు బయటికొస్తుంది. నెలకు పైగా ఆకు మేస్తూ, నాలుగుసార్లు చర్మం వదిలి, లావుపాటి ఆకుపచ్చ పురుగవుతుంది. ఆ రోజుల్లో కాకులు, చీమలు, కందిరీగలు ఎత్తుకుపోకుండా రైతు చెట్ల కింద కాపలా ఉంటాడు.

నాకు అన్నిటికన్నా నచ్చేది దసలికాయ, అంటే దాని పట్టుగూడు. పురుగు ముందు కొమ్మకు పట్టుతో ఉంగరం చుట్టి, దానికి గట్టి తొడిమ అల్లి, ఆ తొడిమకు గూడు కడుతుంది. మల్బరీ పట్టుగూటికి ఇలాంటి తొడిమ ఉండదు. ఏడాది చివరి పంట కాయల్లో ప్యూపా ఎండాకాలమంతా నిద్రపోయి, తొలకరి తర్వాత గూటి కొసను తన ద్రవంతో మెత్తబరచి బయటపడుతుంది.

అందుకే గుర్తింపు రెక్కతో కాదు, చెట్టుతో మొదలుపెట్టండి. నల్లమద్ది, తెల్లమద్ది ఏవో తెలుసుకోండి. వేసవిలో అడవికెళ్తే ఆకు రాలిన కొమ్మల్లో కాయల కోసం చూడండి, కానీ కోయకండి. ఎండినట్టున్న ఆ కాయలో ప్రాణం ఉంటుంది. మద్దిచెట్లు నిలిస్తేనే ఈ శలభం నిలుస్తుంది.