అన్నం మానెయ్యమంటే ఏం తినమన్నట్టు?

బరువు తగ్గడం గురించి ఇవాళ రెండు వాదాలు నడుస్తున్నాయి. కొవ్వు మానుకో, తక్కువ తిను, ఎక్కువ నడువు అనేది డాక్టర్లు చాలాకాలంగా చెప్తున్న వాదం. కొవ్వు కాదు, అన్నమే శత్రువు అనేది రెండోది. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ ప్రచారంతో ఇది తెలుగునాట ఊరూరికీ పాకింది. ఈ రెండింటినీ దళితవాడలోని కంచం ముందు పెట్టి చూడాలని మా ఉద్దేశం.

పాత వాదాన్ని ప్రశ్నించడంలో న్యాయముంది. 1977లో అమెరికా సెనేట్ కమిటీ ఒకటి తిండిలో కొవ్వును 30 శాతానికి తగ్గించమంది, పిండి పదార్థాలను 55-60 శాతానికి పెంచమంది. అట్లాంటి సలహాలే తర్వాత శాస్త్రంగా చెలామణి అయ్యాయి. అవి పాటించినా బరువు తగ్గనివాళ్ళను తిండిపోతులనీ సోమరులనీ నిందించడం మామూలైంది. పొద్దంతా నాట్లేసి, ఇంటికొచ్చి చాకిరీ చేసే ఆడమనిషికి షుగరొస్తే అది ఒళ్ళు వంచకనేనా? ఆమెకు ‘వ్యాయామం చెయ్యమ్మా’ అని చెప్పి పంపించడం ఏ వైద్యం?

అట్లాగని కొత్త వాదం వేదవాక్కు కాదు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 609 మందిని రెండు గుంపులు చేసి ఏడాదిపాటు పరిశీలించారు. ఫలితాలు 2018లో వచ్చాయి. కొవ్వు తగ్గించినవాళ్ళు సగటున 5.3 కిలోలు, పిండి పదార్థాలు తగ్గించినవాళ్ళు 6 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండు గుంపులకూ కూరగాయలు బాగా తినమనీ, చక్కెర, మైదా మానమనీ చెప్పారు. కొవ్వా, అన్నమా అన్న తగాదాకంటే మంచి తిండి దొరకడమే ముఖ్యమని మాకు అర్థమవుతున్నది.

ఆ దొరకడం దగ్గరే కులం ఎదురవుతుంది. జొన్న గటక, రాగి సంకటి తిన్న మెట్ట ప్రాంతపు వాడల్లోకి 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది. అది ఆకలి తీర్చింది, కాదనలేం. కానీ బియ్యంతోపాటు అంత చవగ్గా పప్పు రాలేదు, గుడ్డు రాలేదు, మాంసం రాలేదు. ఆహార భద్రతా చట్టం కింద ఇప్పుడు మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం ఇస్తున్నారు. బియ్యమైతే రోజుకు సుమారు 165 గ్రాములు. అందులో పిండి పదార్థమే దాదాపు 130 గ్రాములు. కీటో తిండిలో రోజుకు 50 గ్రాములు మించకూడదంటారు. మరి రేషను మీద బతికే ఇల్లు ఏం తినాలి? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024లో, ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం మించకూడదని చెప్పింది. పప్పు, మాంసం ఖరీదు కాబట్టే జనం ధాన్యం మీద ఆధారపడుతున్నారని కూడా ఒప్పుకుంది.

ఇక మాంసం సంగతి. పెద్దకూర, బొక్కల పులుసు, ఒట్టి తునకలు, కొవ్వు, ఇవి మన వాడల తిండి. వీటిని చూపించే మనల్ని అంటరానివాళ్ళన్నారు. 2012లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు పెద్దకూర పండుగ చేస్తే దాడులు జరిగాయి. అదే ఎముకల రసం డైటు పేరుతో వస్తే ఆరోగ్యమయింది! కొవ్వు మంచిదని చెప్పేవాళ్ళు ఈ అవమానం గురించి ఒక్క మాటా మాట్లాడరు.

ఇంకో ప్రమాదం ఉంది. షుగరుకు ఇన్సులిన్ గానీ కొన్నిరకాల మాత్రలు గానీ వాడేవాళ్ళు మందు మోతాదు మార్పించుకోకుండా ఒక్కసారే అన్నం మానేస్తే రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పొచ్చు. దగ్గర్లో డాక్టరు లేని కూలి మనిషికి అది ప్రాణం మీదికొస్తుంది. టీవీలో విని చేసే పని కాదిది.

కాబట్టి అన్నం తినాలా మానాలా అనే చర్చను ఇంట్లో మనిషి నోటి దగ్గరే ఆపెయ్యడానికి మేం ఒప్పుకోం. రేషను షాపులో బియ్యంతోపాటు పప్పు, నూనె, గుడ్లు కావాలి. 2015లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం అంగన్‌వాడీల్లో గుడ్డును కాదన్నది. అట్లాంటి శాకాహార పెత్తనం మన పిల్లల కంచాల మీద ఎక్కడా సాగనియ్యకూడదు. పెద్దకూర తినే హక్కును ఆరోగ్య హక్కుగా కూడా అడగాలి. విద్యార్థులూ ఉపాధ్యాయులూ తమ వాడల్లో ఎవరి కంచంలో ఏముందో రాసిపెట్టడంతో ఈ పని మొదలుపెట్టొచ్చు.