సముద్రం ఖాతాలో రాయకండి

పడవ నడిపేవాడి నేర్పు ఇంజను ఎప్పుడు తగ్గించాలో తెలియడంలో ఉంటుంది. నమ్మకం కుదరకపోతే కాకినాడ పక్కన కోరంగి మడ అడవుల్లోకి వెళ్లి చూడండి. అక్కడ పడవ ఎక్కినప్పుడల్లా నా చూపు చెట్ల మీద కన్నా నడిపేవాడి చేతి మీదే ఉంటుంది. పాయ ఇరుకైన చోట ఎవరూ చెప్పకుండానే ఆ చెయ్యి వేగం తగ్గిస్తుంది. వెనక కూర్చున్న మనమేమో “కాస్త లాగించు బాబాయ్” అని తొందరపెడతాం.

అతనికి తెలిసిన లెక్క మనకు తెలియదు. మడ చెట్టు నిలబడేది మెత్తటి బురదలో. దాని చుట్టూ మేకుల్లా పైకి పొడుచుకొచ్చినవన్నీ గాలి పీల్చుకునే వేళ్లు. వేగంగా పోయే పడవ వెనక లేచే అల ఒడ్డుకు కొట్టి ఆ బురదను కొద్దికొద్దిగా కోసుకుపోతుంది. ఒక్క పడవకు చెట్టు కూలదు గానీ, రోజూ తిరిగే పడవలకు ఒడ్డు తరుగుతుంది. రొయ్య పిల్లలు, పీతలు, చేప పిల్లలు ఆ వేళ్ల మధ్యే పెరిగి తర్వాత సముద్రంలోకి పోతాయి. కాబట్టి పాయలో ఇంజను తగ్గించినవాడు రేపటి వేట కోసమే తగ్గించాడు. ఇంధనం మిగలడం, పాటు వేళ పంకా బురదలో కూరుకోకుండా తప్పించుకోవడం అదనపు లాభం.

మనిషి లాభమూ నీటి లాభమూ ఒకటే అయిన పనులు ఇంకా ఉన్నాయి. ఆటుపోట్లు చూసుకుని బయల్దేరితే ఇంధనం కలిసొస్తుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట ఆగుతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమది. ఆ రెండు నెలలూ ఇల్లు గడవడం ఎంత కష్టమైనా, ఆపడం దేనికో జాలరికి ఇంకొకరు నేర్పక్కర్లేదు.

పేచీ అంతా రెండో రకం పనులతో. ఇక్కడ మంచి చేసినవాడి జేబుకే చిల్లు పడుతుంది.

బోటు అడుగున ఊరే నీళ్లనే తీసుకోండి. వాటిలో డీజిలు, ఇంజను ఆయిలు కలుస్తాయి. పంపు వేస్తే నిమిషాల్లో సముద్రం పాలు. డబ్బాల్లో పట్టి రేవుకు తెద్దామంటే చోటూ శ్రమా కావాలి. తీరా తెచ్చాక రేవులో పొయ్యడానికి ఒక పీపా ఉండొద్దూ? పాత తరహా టూ స్ట్రోక్ ఇంజన్లదీ ఇదే కథ. పోసిన ఇంధనంలో చెప్పుకోదగ్గ వాటా కాలకుండానే నీళ్లలోకి వదులుతాయి. ఫోర్ స్ట్రోక్ ఇంజను మేలైనదే, దాని ధరే జాలరి చేతికి అందదు.

తాబేళ్ల సంగతి మరీ చేదు. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లేలు గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకు వస్తాయి. తాబేలు నీళ్లలో బతికినా ఊపిరి పైకొచ్చే పీల్చుకోవాలి. గంటల తరబడి లాగే ట్రాలు వలలో చిక్కితే లోపలే ఊపిరాడక చస్తుంది. దీనికి మందు ఉంది. వల గొంతులో ఏటవాలుగా ఒక చట్రం బిగిస్తారు. రొయ్యలు కడ్డీల సందుల్లోంచి వెనక్కి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పక్కనున్న కంత గుండా బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగ్గ నమూనా ఎప్పుడో తయారుచేసింది. కంత లోంచి కాస్త వేట కూడా జారిపోతుందని బోటు యజమానులు వెనకాడతారు. బోటులో పెట్టని ఆ ఖర్చు చివరికి బజారులో పెట్టాల్సి వచ్చింది. తాబేళ్లకు రక్షణ చాలదని 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యల దిగుమతి ఆపేసింది.

ఖర్చు ఎవరు మొయ్యాలన్న ఈ చిక్కును కేరళవాళ్లు మరో వైపు నుంచి, వలలో పడే ప్లాస్టిక్ విషయంలో విప్పారు. కొల్లం జిల్లా శక్తికుళంగరలో 2017లో ‘శుచిత్వ సాగరం’ మొదలుపెట్టారు. వలలో పడిన ప్లాస్టిక్‌ను జాలర్లు తిరిగి నీళ్లలో పారెయ్యకుండా సంచుల్లో రేవుకు తెచ్చారు. అక్కడ ఆడవాళ్లు కూలికి దాన్ని ఏరి, కడిగి, ఆరబెట్టారు. ముక్కలు చేసిన ప్లాస్టిక్ రోడ్ల తారులో కలిసింది. జాలర్లకు ఉపన్యాసం ఇచ్చి ఊరుకోలేదు. తెచ్చినదాన్ని దించడానికి చోటు చూపించారు, ఏరినవాళ్లకు కూలి ఇచ్చారు.

నేను చెప్పేదీ అదే. నేర్పుతో అయ్యే పనులకు జాలరి చాలు. ఖర్చుతో అయ్యే పనులు అతనొక్కడి నెత్తిన రుద్దితే, అతను వాటిని సముద్రం ఖాతాలో రాస్తాడు. వేరే ఖాతా మనం తెరవలేదు మరి. చేపలు తినేది మనం, పడవ షికార్లు చేసేది మనం, తుపాను వేళ మడ అడవి అడ్డు నిలిచేదీ మన ఊళ్లకే. ప్రతి రేవులో పాత ఆయిలుకు ఒక పీపా, చెత్తకు ఒక షెడ్డు, చట్రం బిగించిన వలకు సబ్సిడీ పెట్టడం ప్రభుత్వానికి పెద్ద బరువు కాదు. వాటికోసం గట్టిగా అడగాల్సింది మనం. ఈలోగా పడవ ఎక్కినప్పుడు బాబాయ్‌ని వేగం మాత్రం అడక్కండి. దానికి పైసా ఖర్చు లేదు.