చీట్లు నడిపిన కార్లు
అమెరికన్ కళాకారుడు జార్జ్ బ్రెక్ట్ 1960లో రచించి, సంగీతకర్త జాన్ కేజ్‌కు అంకితమిచ్చిన ‘మోటార్ వెహికల్ సన్‌డౌన్’లో వాద్యాలు కార్లే. సూర్యాస్తమయవేళ ప్రతి కారులో ఒకరు కూర్చుంటారు; కలిపిన చీట్లు వచ్చిన వరుసనుబట్టి హారన్ మ్రోగిస్తారు, దీపాలు వెలిగిస్తారు, తలుపు తెరచి మూస్తారు, లేదా ఊరకుంటారు. మత్తీయ ఎన్నికను ఎరిగిన మనకు చీట్లు కొత్త కావు. అయితే అక్కడ చీటికి ముందు ప్రార్థన ఉన్నది. ఇక్కడ రచయిత తన ఇష్టాన్ని తగ్గించుకొన్నాడనే వాదనను మేము సగమే అంగీకరిస్తాము. చీట్ల మీది ఆజ్ఞలన్నీ ఆయనవే కదా! మమ్మల్ని ఆకట్టుకొన్నది చివరి నియమము: తన చీట్లు ముగిసినవాడు ఇంజను ఆపి, అన్ని బండ్లూ ఆగేవరకు అక్కడే కూర్చోవాలి. ముందు ముగించినవాడు దిగి వెళ్లిపోడు.